తల వెనక తెలుపు

పార్లరక్క ఈమధ్య తలకి వేసుకునే రంగు డబ్బా సగమే కొంటున్నట్టుందని మేడమీదావిడ అన్నదట. అన్నది పార్లరక్కతో కాదు, ఇస్త్రీ బండి ఆవిడతో. ఇస్త్రీ ఆవిడ ఆ మాటని బట్టల మూటతో పాటు మోసుకెళ్ళి మందుల షాపు వాళ్ళమ్మకి ఇచ్చిందట. అక్కడితో ఆగినా బాగుండేది. "ముందు నుంచి చూస్తే పాతికేళ్ళ పడుచు, వెనక నుంచి చూస్తే ఆ పడుచు వాళ్ళ అమ్మమ్మ. ఎదురొచ్చేది ఒకరు, దాటిపోయేది ఇంకొకరు. మొన్న నేనైతే ఎవరో ముసలావిడ దారి తప్పిందేమోనని చెయ్యి పట్టుకోబోయాను తల్లీ" అని కూడా ఆ మేడమీదావిడే అన్నదట. ఇదంతా మందుల షాపు వాళ్ళమ్మ ముఖానికి ఆవిరి పట్టించుకుంటూ, కళ్ళు మూసుకుని, తానెక్కడ కూర్చున్నదో మరిచిపోయి, పొల్లు పోకుండా పార్లరక్కకే చెప్పేసింది. చెప్పాక నాలుక కరుచుకుంది.

"నేననలేదమ్మా. అన్నారు అంటున్నాను."

"ఆవిడ కళ్ళద్దాలు మార్చుకోవాలండీ పాపం, ఎప్పటినుంచో చెబుతున్నాను" అని పార్లరక్క నవ్వింది. అది షాపు నవ్వు. పళ్ళు ఎన్ని కనపడాలో అన్నే కనపడతాయి. తర్వాత టవల్ తెస్తానని తెర వెనక్కి వెళ్ళి, తల వెనక చెయ్యి పెట్టుకుంది. చేత్తో తడిమితే తెలుపూ నలుపూ తెలుస్తాయా? అయినా కాసేపు తడుముకుంటూ నిలబడింది.

ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. వీధి వీధంతా పార్లరక్కే. గుమ్మం దాటి వచ్చిన ఆడమనిషి కుర్చీలో కూర్చునేలోపే, ఆవిడ పదిమందిలో ఎలా కనపడాలనుకుంటోందో పట్టేసేది. స్కూలు టీచరమ్మకి ఏమీ చేయించుకోనట్టు కనపడాలి, చేయవలసిందంతా మాత్రం చేయాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లకి నాలుగేళ్ళు పెంచాలి, వెంట వచ్చిన వాళ్ళమ్మకి పది తగ్గించాలి. ఇంకొకావిడ జుట్టు కత్తిరించిన సంగతి మొగుడికి తెలియకూడదు, ఆడపడుచుకి మాత్రం తెలిసి తీరాలి. అలా అందరి కనుబొమ్మల్లో కలుపు తీసి, అందరి తలలకీ నలుపు పట్టించి, ఒక్కొక్కరినీ వాళ్ళు కోరుకున్న మనిషిని చేసి వీధిలోకి పంపేది.

దానికి తగ్గట్టే గొంతులు కూడా. ఫోనుకి ఒకటి, కొత్తవాళ్ళకి ఒకటి, పాతవాళ్ళకి ఇంకాస్త చనువుగా మరొకటి. మొగుడి మీద వాడేది వేరే ఉంది, దానికి మర్యాదలు తెలియవు. ఇవేవీ కానిది, తన సొంత గొంతు, ఒక్క మనిషి దగ్గరే బయటికొచ్చేది. ఆ మనిషి తోడికోడలు. ఆమె రావడం మానేసి అయిదు నెలలు కావస్తోంది.

ఎవరి తలకి వాళ్ళు రంగు వేసుకోవచ్చునని డబ్బాల మీద బొమ్మలు వేసి మరీ చెబుతారు. ఆ బొమ్మలు వేసినవాడు ఎన్నడూ వేసుకుని ఉండడు. నుదురు, చెంపలు, పాపిడి, ఇంతవరకే మన చేతిలో పని. చెవులు దాటి వెనక్కి వెళ్ళామా, ఇక ఇంకొకళ్ళు కావాలి. రెండద్దాలు ఎదురెదురుగా పెట్టుకుంటే మన చెయ్యి ఒకవైపు పోతే అద్దంలో చెయ్యి ఇంకోవైపు పోతుంది. పార్లరక్క అదీ చూసింది. దిండు నల్లబడింది గాని తల నల్లబడలేదు.

మరి వేరే పార్లర్‌కి వెళ్ళొచ్చు కదా అంటారు. బజారులో రెండున్నాయి. కానీ తాను తల వంచి కూర్చుంటే వాళ్ళు ఆ తెలుపు వంకా, ఆ తర్వాత ఒకరి ముఖాలొకరూ చూసుకుంటారు. మర్నాటికి ఊరంతా తెలుస్తుంది. అది పైకి చెప్పుకునే కారణం. అసలు సంగతేమిటంటే, ఆ తల ఇంకొక చేతికి అలవాటు లేదు.

తోడికోడలు కాపురానికి వచ్చిన కొత్తల్లో కత్తెర పట్టుకోవడం కూడా తెలియదు. మరిది, అంటే పార్లరక్క మొగుడి తమ్ముడు, అన్నతో కలిసి కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే షాపు నడుపుతాడు. అన్నదమ్ములిద్దరూ పొద్దున వెళితే చీకటి పడ్డాకే. ఒక్కతే ఇంట్లో ఏం చేస్తుందిలెమ్మని పార్లరక్క ఆ పిల్లని తనతో తీసుకుపోయింది. దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని కనుబొమ్మలు తీయడం తన మోకాలి మీద, సన్న వెంట్రుకల మీద నేర్పింది. దారం పళ్ళ మధ్య ఉన్నంతసేపే ఆ పిల్ల నోటికి సెలవు. మిగతా సమయమంతా గలగలా మాటలే. పదకొండేళ్ళు రెండు కుర్చీలూ పక్కపక్కనే నడిచాయి.

వారంలో ఒకరోజు షాపు మూత. నెలకొకసారి ఆ మూత రోజున ఇద్దరూ షట్టర్ మోకాలెత్తు వరకు దించుకుని, పాత నైటీలు వేసుకుని కూర్చునేవారు. తోడికోడలు గిన్నెలో రంగు కలిపి, పార్లరక్క చెవుల అంచున వేజలిన్ రాసి, చెవుల్లో దూది కుక్కి, వెనకనుంచి పాయలు పాయలుగా తీసి వేసేది. వేస్తూ, ఆ నెలంతా వచ్చిన కస్టమర్లని ఒక్కొక్కరినీ అచ్చు దింపేసేది. టీచరమ్మ అద్దంలో చూసుకునేటప్పుడు పెదవులెలా బిగిస్తుందో, మేడమీదావిడ తలుపు తీసే ముందు ఎలా గొంతు సవరించుకుంటుందో, అంతా.

"నవ్వకక్కా, నుదురంతా నల్లబడుతోంది."

"నువ్వు నవ్వించి నన్ను నవ్వద్దంటే ఎలాగే!"

"నేను నా పని చేస్తున్నాను. నువ్వే గొడ్డులా ఊగుతున్నావు."

రంగు పట్టేదాకా కాళ్ళు రెండో కుర్చీ మీద చాపుకుని టీ తాగేవారు. పార్లరక్క అప్పుడు అద్దంలో చూసుకునేది కాదు. జిగురు తలతో, దూది చెవులతో, దవడ జారి, పొట్ట జారి, ఎలా ఉంటే అలా ఉండేది. ఒకసారి ఎవరో షట్టర్ కిందనుంచి తల పెట్టి "ఉన్నారాండీ?" అంటే ఇద్దరూ కుర్చీల వెనక గొంతుక్కూర్చుని, ఆవిడ వెళ్ళేదాకా ఒకరి నోరొకరు మూశారు. తర్వాత తల కడిగించుకుని, ఈసారి తోడికోడలిని కూర్చోబెట్టేది. ఆమెది నడుము దాకా ఉన్న జుట్టు. తడిపి, దువ్వి, కొసలు గీత గీసినట్టు కత్తిరించేది. తన కొసలు తాను కత్తిరించుకోవడం ఎవరి తరమూ కాదు. ఎటు లాగితే అటు వంకర.

ఇంత చనువూ ఒక్క మాటతో పోయింది.

కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరమ్మ ఆ రోజు మొదటిసారి గడప తొక్కింది. చెప్పులు కూడా చప్పుడు చేయని మనిషి. కుర్చీని ఓసారి, అద్దాన్ని ఓసారి చూసి, "మీకు స్టాఫ్ ఎంతమంది?" అంది. ఇదివరకున్న ఊళ్ళో తాను వెళ్ళే పార్లర్‌లో నలుగురుండేవారట. పార్లరక్కకి ఆ క్షణాన ఏమైందో ఆవిడకే తెలియాలి. కొత్తవాళ్ళ గొంతు దానంతటది బయటికొచ్చింది.

"ప్రస్తుతానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నానండీ. నేర్చుకుంటోంది" అంది. అక్కడితో ఊరుకోలేదు. వెనక్కి తిరిగి, "అమ్మాయ్, మేడమ్‌కి టవల్ అందివ్వు" అని కూడా అంది.

తోడికోడలు టవల్ అందించింది. సాయంత్రం దాకా పనంతా చేసింది. నేల మీద జుట్టు ఊడ్చింది, దువ్వెనలు కడిగింది, ఆప్రాన్ మడిచి కుర్చీ చేతి మీద పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి, "వెళ్ళొస్తానండీ" అంది.

ఆ 'అండీ' పదకొండేళ్ళలో ఎన్నడూ లేనిది. మర్నాడు రెండో కుర్చీ ఖాళీ. నెల తిరిగేసరికి వీధి చివర తన ఇంటి ముందు గదిలోనే తోడికోడలు ఒక కుర్చీ, ఒక అద్దం వేసుకుంది. మేనేజరమ్మ మళ్ళీ రానే లేదు.

అన్నదమ్ములు మాత్రం ఎప్పటిలాగే ఒకే గ్లాసులో టీ సగం సగం తాగుతున్నారు. "మీ తమ్ముడు ఏమైనా అన్నాడా?" అని పార్లరక్క అడిగితే, "ఆ, రాగి తీగ ధర పెరిగిందన్నాడు" అన్నాడు మొగుడు.

మేడమీదావిడ మాట చెవిన పడ్డ రోజు సాయంత్రం పార్లరక్క మొగుడినే వెనక కూర్చోబెట్టి రంగు గిన్నె చేతికిచ్చింది.

"వెనక వేయాలి. పాయ తీసి, మొదట్లో రాసి, కొస దాకా లాగాలి."

"ఇంతేనా? మోటారుకి వార్నిష్ వేసినట్టే కదా."

"మోటారు కాదు, నా తల."

"అదే, కాస్త వేడెక్కువ" అంటూ మొదలుపెట్టాడు. పాపం శ్రద్ధగానే వేశాడు. ఎక్కడా ఖాళీ వదలకూడదన్నది ఆయన వృత్తి ధర్మం. అందుకని జుట్టూ వదలలేదు, చెవులూ వదలలేదు, మెడ వదలలేదు. కడిగాక చూస్తే తెలుపు అక్కడక్కడా అలాగే ఉంది, మెడ మాత్రం తారు పూసినట్టు నిగనిగలాడుతోంది. సున్నిపిండి లేదు, సబ్బు లేదు, ఏమి పెట్టి రుద్దినా ఎర్రబడిందే గాని నలుపు వదలలేదు.

మర్నాడు మెడకి మఫ్లర్ చుట్టుకుని షాపు తీసింది. మొదట వచ్చినావిడ "మెడ పట్టేసిందా?" అంది. ఆ మాట అందించినందుకు మనసులో దండం పెట్టుకుని "అవునండీ, రాత్రి దిండు జరిగింది" అంది. అన్నాక మెడ తిప్పితే బాగుండదు కదా. సాయంత్రం దాకా, ఎటు చూడాలన్నా మనిషంతా తిరిగింది. వచ్చిన ప్రతి మనిషీ ఒక వైద్యం చెప్పింది. ఒకావిడ ఉప్పు కాపడమంది, ఒకావిడ నేల మీద పడుకోమంది. మందుల షాపు వాళ్ళమ్మ సాయంత్రానికి మందే పంపింది. షట్టర్ దించేసరికి మెడ నిజంగానే పట్టేసింది. ఇంటికొచ్చి, మఫ్లర్ విప్పకుండానే మంచం మీద కూర్చుని పార్లరక్కకి నవ్వొచ్చింది. ఇంత తమాషా జరిగితే చెప్పుకోవడానికి మనిషి లేదు. ఎవరికి చెప్పినా మెడ పట్టేసిన మాటే చెప్పాలి. అసలు మాట చెప్పి, మొగుడి వార్నిష్‌ని దింపి చూపించి, కడుపు పట్టుకుని నవ్వడానికి ఒక్కతే ఉండేది. ఆ నవ్వు కాసేపటికి కళ్ళలోంచి దిగింది.

ఆ తర్వాత వారమే అనుకుంటాను, బజారు నుంచి వస్తుంటే ముందు తోడికోడలు నడుస్తోంది. చేతిలో సంచీ. పార్లరక్కకి ఆ నడక తెలుసు, ఎడమ కాలు కాస్త విసురుగా పడుతుంది. దాటిపోవచ్చు, పిలవచ్చు. రెండూ చేయలేదు. అడుగు తగ్గించి వెనకనే నడిచింది. జుట్టు విరబోసి ఉంది, కొసలు నడుము మీద ఊగుతున్నాయి. కుడి వైపు ఒక జానెడు పొడుగు, ఎడమ వైపు పొట్టి, మధ్యలో ఎలుక కొరికినట్టు ఒక గాటు.

తనే కత్తిరించుకుంది. ఎవరి దగ్గరికీ పోలేదు.

పార్లరక్క వేళ్ళు గాలిలోనే రెండుసార్లు కత్తెరలా ఆడాయి. ఆ తడి జుట్టు బరువు, దువ్వెన దిగే చప్పుడు, "కదలకే" అంటే ఇంకా కదిలే ఆ భుజాలు, అన్నీ ఒక్కసారిగా చేతుల్లోకొచ్చాయి. అప్పుడే తట్టింది. తాను ఆ వంకరని చూస్తున్నట్టే, ఆ పిల్ల కూడా ఏదో ఒక రోజు వెనకనుంచి ఈ తెలుపుని చూసే ఉంటుంది. చూసి ఏమనుకుని ఉంటుంది? తోడికోడలు మలుపు తిరుగుతుండగా పార్లరక్క చటుక్కున గాజుల కొట్టు వైపు తిరిగి, అక్కర్లేని గాజులు ధర అడిగింది.

ఇక వెళ్ళాల్సిందే అనుకుంది. ఏమని వెళ్ళాలి? మూత రోజున షట్టర్ దించుకుని అద్దం ముందు నిలబడి చెప్పుకుని చూసింది.

"తప్పయిపోయిందే" అంది. అద్దంలో ముఖం దానంతటదే తల కాస్త పక్కకి వాల్చి, కళ్ళు చిన్నవి చేసి, అందంగా తప్పు ఒప్పుకుంది. అపాయింట్‌మెంట్ మరిచిపోయినప్పుడు కస్టమర్లకి చూపించే ముఖం అది. మళ్ళీ అంది. ఈసారి ఫోను గొంతు వచ్చింది. కోపంగా అంది, మొగుడి మీది గొంతు వచ్చింది. అద్దానికి వీపు పెట్టి అంది. అప్పుడు అసలు మాటే రాలేదు. ఇన్నేళ్ళుగా ఇంతమంది ముఖాలు దిద్దిన మనిషికి, ఒక్క మాటకి సరిపడే ముఖం తన దగ్గర దొరకలేదు. విసుగొచ్చి దీపం ఆర్పేసి, మఫ్లర్ కూడా అక్కడే పడేసి, నలుపు ఇంకా పూర్తిగా వదలని ఆ మెడతోనే వీధిలోకి నడిచింది.

తోడికోడలు ఇంటి ముందు గది చిన్నది. కిటికీ పక్కన ఒక కుర్చీ, గోడకి ఒక మూల పగిలిన అద్దం, ఎదురుగా ఎవరైనా వస్తే కూర్చోవడానికి బల్ల. లోపలి గదికి తెర. ఆమె ఒక్కతే ఉంది, దువ్వెనలు తుడుచుకుంటోంది. చూసింది. చేతిలోది పక్కన పెట్టింది.

"రండి."

పార్లరక్క రెండు నిమిషాలు అద్దం గురించి మాట్లాడింది. వెలుతురు బాగా పడుతోందంది, మూల పగిలితే ఫరవాలేదంది, కుర్చీ ఎత్తు కొంచెం పెంచుకోవాలంది. ఎదుటి మనిషి వింటూ నిలబడింది. మాటలన్నీ అయిపోయాక, ఇంకేం మిగలక, "రంగు వేస్తావా?" అంది పార్లరక్క.

"కూర్చోండి."

మెడకి గుడ్డ కట్టింది. జుట్టు ముడి విప్పింది. వెనకనుంచి ఒక పాయ ఎత్తి చూసి ఆగిపోయింది.

"ఎవరు వేశారిది?"

"మీ బావగారు."

అద్దంలో తోడికోడలు పెదవి పంటి కింద బిగిసింది. "దేంతో వేశారు?" అంది కాసేపటికి.

"చేత్తోనే. ఒక్క కోటు చాలదేమోనని రెండు వేశారు."

పెదవి ఇంకా గట్టిగా బిగిసింది గాని వదల్లేదు. చెవుల అంచున వేజలిన్ రాసింది. దూది కుక్కింది. చల్లటి రంగు మొదటిసారి తల వెనక తగలగానే పార్లరక్క కళ్ళు మూతలు పడ్డాయి. అవే వేళ్ళు. పాయ తీసేటప్పుడు చిటికెన వేలు నెత్తి మీద ఆనించుకునే అలవాటు అలాగే ఉంది. దవడ జారిపోతోందని తెలుస్తోంది, జారనిచ్చింది. అయిదు నెలలుగా ఆ ముఖాన్ని మోసి మోసి ఎంత అలిసిపోయిందో, దించినప్పుడు గాని తెలియలేదు. కుంచె గిన్నెకి తగిలే చప్పుడు ఒక్కటే. ఈ చేతులు ఇలాగే ఉంటే చాలు, మాట్లాడకపోయినా చాలు అనిపించింది. మళ్ళీ అంతలోనే, చాలదనీ అనిపించింది.

"ఆ రోజు..." అంది. గొంతు బొంగురుగా, ఏ రకమూ కానిది వచ్చింది.

కుంచె ఆగింది. "ఊఁ?"

"ఆ మేనేజరమ్మ వచ్చిన రోజు నేను..."

గుమ్మం బయట ఎవరో గొంతు సవరించుకున్నారు. తలుపు తోసుకుని మేడమీదావిడ వచ్చింది. కనుబొమ్మలు చేయించుకోవడానికి కాబోలు. కుర్చీలో మనిషిని, వెనక మనిషిని చూసి, రెండు చేతులతో బుగ్గలు నొక్కుకుంది.

"హమ్మయ్యా! కలిసిపోయారా తల్లీ! నేను అంటూనే ఉన్నాను, ఎన్నాళ్ళుంటారులే అని. అసలు ఏమైందమ్మా మీకు? వీధంతా ఒకటే గొడవ, మీకు మాటల్లేవని."

పార్లరక్క దవడ టక్కున బిగిసింది. వీపు నిటారైంది. తాను పిలవకుండానే షాపు నవ్వు వచ్చి ముఖం మీద కూర్చుంది, పళ్ళు ఎన్ని కనపడాలో అన్ని.

"మాకు గొడవేంటండీ మీరు మరీనూ! ఇంట్లో వాళ్ళం. తనకి కొత్త షాపు హడావుడి, నాకు నా హడావుడి. తీరిక లేక గాని, ఏమీ జరగకపోయినా లోకులు ఊరుకుంటారా, ఏదో ఒకటి అల్లుతారు. అంతేగా మరి?" అని అద్దంలోంచి తోడికోడలి వంక చూసింది, అవునను అన్నట్టు.

తోడికోడలు కుంచె గిన్నెలో పెట్టింది. మేడమీదావిడకి బల్ల చూపించింది.

"జరిగిందండీ. మా అక్క నన్ను పరాయిదాన్ని చేసింది. తప్పయిందన్న మాట నోటిదాకా వచ్చింది, మీరొచ్చేసరికి మింగేసింది. రంగు పట్టడానికి ఇంకా అరగంట ఉంది, అంటుందేమో చూద్దాం. మీరలా కూర్చోండి."